ఆరోగ్య పరిశోధకుల శిక్షణము: దత్తాంశ విశ్లేషణము, దత్తాంశ ధర్మము

ఒక జనసమూహమునందలి రోగములను, ఆహారమును, జననమరణములను గూర్చి అడిగి, కొలిచి, వ్రాసికొని, ఆ వ్రాతలనుండి ఆ సమూహమునకే ఉపకరించు నిర్ణయమును రాబట్టుట ఆరోగ్య పరిశోధకుని పని. ఇందుకు వలయు నేర్పును పాఠ్యప్రణాళికలు రెండు పాయలుగా విభజించుచున్నవి: అంకెలను విశ్లేషించుట ఒకటి, ఆ అంకెలనిచ్చిన మనుష్యుల మానమునకు, హక్కులకు భంగము రాకుండ వానిని వాడుట రెండవది. మొదటిదానిని గణాంకశాస్త్రజ్ఞుడు వారముల తరబడి బోధించును. రెండవదానికి తరచుగా లభించునది శిక్షణ ముగియనున్న దినమున ఒక గంట. ఈ విభజన తరగతి గదిలో చెల్లునేమో గాని ఊరిలో చెల్లదు. ఏలయన, అడుగవలసిన తీరున అడుగనప్పుడు వచ్చిన సమాధానము ధర్మవిరుద్ధమగుట మాత్రమే కాదు, లెక్కకు పనికిరానిదియు నగును.

కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు చెందిన వెంకటమ్మనహళ్లిని దృష్టాంతముగా గొన్నచో ఈ విషయము తేటపడును. పావగడ తాలూకా పాలనరీత్యా కర్ణాటకమున నున్నను, దాని చుట్టును చాలవరకు ఆంధ్రప్రదేశపు మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గ ప్రాంతములు ఆవరించియున్నవి. ఇండ్లలో వినబడునది తెలుగు, కచేరీలలోను బడులలోను నడచునది కన్నడము. వాన తక్కువ, శెనక్కాయ, రాగి ప్రధానమైన పంటలు, బోరుబావుల నీటిలో ఫ్లోరైడు అధికము. ఇట్టి సీమకు వచ్చు పరిశోధకుని చేతిలోని ప్రశ్నావళి ముందు ఇంగ్లీషున పుట్టి, పిదప కన్నడమునకు మారినది. దానికి వచ్చు సమాధానము మాత్రము సీమ తెలుగున ఉండును. 2005 ఫిబ్రవరిలో వెంకటమ్మనహళ్లియందలి పోలీసు శిబిరముపై నక్సలైట్లు దాడిచేసి పలువురిని చంపినప్పుడు ఈ ఊరి పేరు దూరదూరముల వినబడెను. అట్టి అనుభవము గల చోట, కాగితము, కలము పట్టుకొని ఇంటింట పేర్లడుగు క్రొత్తవానిని ఎవరైనను ఎగాదిగ చూచుట సహజమే. ఆ చూపును గణాంక గ్రంథములు "ప్రతిస్పందన లేమి" యను పేరుతో ఒక గడిలో వేయుచున్నవి. వాస్తవమునకు పరిశోధకుడు మొట్టమొదట చదువనేర్వవలసిన దత్తాంశమది.

తుమకూరు సర్వే

భారతదేశమున ఈ విద్యకు తొలి పాఠములు దొరకిన చోట్లలో తుమకూరు జిల్లా ఒకటి. బెంగుళూరులోని జాతీయ క్షయరోగ సంస్థ ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్‌ల తోడ్పాటుతో 1959లో నెలకొల్పబడెను. పేద దేశమునకు తాళగల క్షయ నివారణ పద్ధతిని రూపొందించుట, దానిని నడుపవలసిన జిల్లా సిబ్బందికి శిక్షణ నొసగుట దానికి అప్పగింపబడిన పనులు. పద్ధతికి పూర్వము రోగమెంతగా నున్నదో తెలియవలెను గదా; అందులకై ఆ సంస్థ 1960-61లో పరిశీలించినది తుమకూరు జిల్లానే. సుఖముగా పోయివచ్చుటకు వీలైన ఊళ్లను గాక, యాదృచ్ఛిక పద్ధతిని ఎన్నుకొన్న గ్రామములను, పట్టణ భాగములను తీసికొనిరి.

ఆ సంస్థ క్షేత్రబృందముల పని తీరు నేటికిని చదువదగినది. ముందుగా ఇల్లిల్లు తిరిగి జనగణన చేసి, ప్రతి మనిషికి ఒక కార్డు వ్రాసి, ముంజేతికి ట్యూబర్క్యులిన్ సూదివేసి, మూడు దినముల పిదప మరల వచ్చి ఆ చోట లేచిన గట్టిదనమును మిల్లీమీటర్లలో కొలిచి, పెద్దలకు ఛాతీ ఎక్స్‌రే తీసి, అందు అనుమానపు నీడ కనబడినవారి కఫమును పరీక్షించుట పద్ధతి. ఒకే ఫిలిమును ఇద్దరు నిపుణులు ఒకరి అభిప్రాయము ఒకరికి తెలియకుండ చదువుదురు. ఇద్దరు అనుభవజ్ఞులు ఒకే నీడను చూచి ఒకరు క్షయ యనియు, మరియొకరు కాదనియు చెప్పుట అరుదేమియు కాదు; ఆ భేదమెంతయో లెక్కగట్టి ప్రకటించుట విశ్లేషణలో మొదటి నిజాయితీ. అట్లే, ఇంటి జనాభా కార్డులో పేరుండి, పరీక్ష నాటికి కూలికి వలసపోయినవానిని జాబితానుండి కొట్టివేయరాదు, హారమునందు వాడుండితీరవలెను. భిన్నములో లవముపై నున్న మోజు హారముపై లేకపోవుటయే ఆరోగ్య గణాంకములలోని సగము తప్పులకు మూలము.

ఇంతవరకు ఇది వైద్యుల సర్వే. దాని వెంబడి నడచిన మరియొక విచారణము దీనికి క్రొత్త అర్థమును దెచ్చెను. సామాజిక వైద్య విద్వాంసుడగు దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అను నిద్దరు, ఎక్స్‌రే యందు దోషము కనబడిన గ్రామీణుల ఇండ్లకు మనుష్యులను పంపి, వయసు మొదలగు విషయములలో వారితో సరిపోలు ఆరోగ్యవంతులనుగూడ ప్రక్కన బెట్టుకొని, "మీకేమి బాధ కలదు, దానికై మీరేమి చేసితిరి" అని అడిగించిరి. పల్లెజనులకు రోగమును గుర్తించు తెలివి లేదనియు, కావున ఎక్స్‌రే బండ్లను ఊరూర త్రిప్పి రోగులను వెదకి పట్టుకొనవలెననియు నాటి నిపుణుల సాధారణాభిప్రాయము. విచారణలో తేలినది వేరు. కఫమున క్రిములున్నవారిలో అత్యధిక సంఖ్యాకులకు తమ దగ్గు, జ్వరము, నొప్పి బాగుగ తెలిసియున్నవి. వారిలో సగమునకు పైబడినవారు అప్పటికే ఏదో యొక వైద్యశాలకు పోయివచ్చిరి. అచట వారికి దక్కినది దగ్గుమందు సీసా. అనగా రోగులు వైద్యమును వెదకుకొనుచు వచ్చుచుండగా, వైద్యము వారిని గుర్తింపలేక పంపివేయుచున్నది.

ఈ ఫలితము 1963లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటింపబడెను. 1962లో ఆరంభమైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమము ఈ తత్త్వముమీదనే నిలిచెను: ప్రత్యేక శిబిరములకంటె, దగ్గుతో వచ్చినవాని కఫమును సామాన్య వైద్యశాలలోనే సూక్ష్మదర్శినితో చూచుట ముఖ్యమని నిర్ణయించిరి. ఒక జిల్లాలోని కొన్ని ఊళ్లవారి నోటిమాటను అంకెగా మార్చి, ఆ అంకెకు గౌరవమిచ్చినందున ఒక దేశపు కార్యక్రమము దిశ మార్చుకొన్నది. శిక్షణార్థులకు ఈ రెండు పరిశీలనములను జంటగా చదివించుట కంటె మేలైన ఉపోద్ఘాతము నాకు కానరాదు. మొదటిది కొలుచుట నేర్పును, రెండవది ఎవరిని అడుగవలెనో నేర్పును.

బెంగుళూరు సంస్థ శిక్షణలో మెచ్చదగిన విశేషము మరియొకటి కలదు. జిల్లా క్షయ కేంద్రమునకై అచట తయారుచేయబడిన జట్టులో వైద్యాధికారి, చికిత్సా నిర్వాహకుడు, ప్రయోగశాల, ఎక్స్‌రే నిపుణులు, బి.సి.జి. నాయకుడు మాత్రమే గాక, గణాంక సహాయకుడు ఒకడు తప్పనిసరిగా నుండెను. వీరందరును ఒక్కచోటనే శిక్షణ పొందిరి. కార్డులను వరుసగా పేర్చుట, మందునకు రాని రోగిని గుర్తించుట, త్రైమాసిక నివేదిక వ్రాయుట గణాంక సహాయకుని విధులు. లెక్క వ్రాయువాడు రోగిని చూచువాని ప్రక్కనే కూర్చుండవలెనను ఈ ఏర్పాటు కంప్యూటర్ల కాలమున క్రమముగా మరుగుపడినది. నేడు లెక్క వేరొక నగరమున, వేరొక తెరపై జరుగుచున్నది.

ఆ సంస్థయే 1961 మొదలు 1968 వరకు బెంగుళూరు జిల్లాలోని 119 గ్రామములందు అయిదేండ్ల పరిశీలనము సాగించెను. మొదటి సర్వేలో కఫమున క్రిములు కనబడినవారిలో అయిదేండ్లు గడచునప్పటికి దాదాపు సగము మంది మరణించిరి. ఇంచుమించు మూడవవంతు వారికి క్రిములు తొలగినవి. తక్కిన సుమారు 18 శాతము రోగులుగనే, ఇతరులకు అంటించువారుగనే మిగిలిరి. 1974లో ప్రకటితమైన ఈ మూడు అంకెలు ప్రపంచమందలి క్షయ పాఠ్యగ్రంథములన్నిటికిని ఎక్కినవి. వ్యవస్థితమైన చికిత్సా కార్యక్రమము ఆ పల్లెలకు అందకపూర్వము, రోగము తన దారిన తాను నడచినచో ఏమగునో తెలుపునవి ఇవి. అందుచేతనే వీని విలువ, అందుచేతనే వీని బరువు. ఐసోనియాజిడ్ మందు 1952నుండియు వైద్యలోకమునకు తెలిసినదే. మనుష్యులపై జరుగు వైద్యపరిశోధనకు నియమములు చెప్పిన హెల్సింకీ ప్రకటన 1964 నాటిది. భారత వైద్య పరిశోధన మండలి తన తొలి నైతిక విధాన ప్రకటనను వెలువరించినది 1980లో. ఆ కాలపు పరిశోధకులను నేటి చట్టముతో శిక్షించుట సులభము, నాటి కాలమును అడ్డుపెట్టి సమర్థించుట అంతకంటె సులభము. శిక్షకుడు రెండింటిని మాని, ఈ ప్రబంధమును విద్యార్థుల ముందుంచి, నేడు నీతిసంఘమున మీరు కూర్చుండినచో ఏ షరతుమీద దీనికి అనుమతి నిత్తురని అడుగుట మంచిది.

తెలుగునాట

తెలుగుసీమలో ఈ చరిత్ర మరికొంత వెనుకకు పోవును. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపున మలేరియా పరాన్నజీవిని కనుగొన్నప్పుడు, ఆ దోమలు కుట్టినది హుసేన్ ఖాన్ అను రోగిని. దోమ కొకటికి ఒక అణా చొప్పున ఆయనకు ముట్టినది. 1902లో నోబెల్ బహుమానము రాస్‌కు వచ్చెను. హుసేన్ ఖాన్ పేరు వైద్యచరిత్రలో మిగులుటయే విశేషము. తరువాతి కాలపు పెక్కు పరిశోధనలలో రోగి ఒక సంఖ్యయే. అది మేలా, కీడా యను ప్రశ్నకు ముందు ముందు సమాధానము చెప్పవలసియుండును.

1937లో మద్రాసు రాజధానియందలి స్థానిక ఫ్లోరోసిస్‌ను గూర్చి షార్ట్ మొదలగువారు ప్రకటించిన పత్రము నాటి నెల్లూరు జిల్లా గ్రామముల నుండి పుట్టినది. ఆ రోగము తరువాత నల్లగొండ పేరుతో ముడివడెను. అచట జొన్న ప్రధానాహారముగా గల గ్రామములలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవుటను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1973లో వర్ణించిరి. 1918లో కూనూరులో మెకారిసన్ చిన్న పరిశోధనశాలగా ఆరంభించిన ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1972లో అచట ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగము దశాబ్దముల పాటు అనేక రాష్ట్రములలో ఇంటింటి ఆహారమును లెక్కించెను. నిన్న ఏమి తింటిరని అడుగుట సులభము. ఎంత తింటిరో రాబట్టుట కష్టము. ఒక ఇంటి సంగటి ముద్ద మరియొక ఇంటి ముద్దతో సమానము గాదు. అందుచే ఆ సర్వే సిబ్బందికి కొలత తెలిసిన గిన్నెలనిచ్చి, గృహిణి తన పాత్రతో పోల్చి చూపునట్లు తర్ఫీదు చేసిరి. ఆ గిన్నెలు లేకున్న, తరువాత ఎంతటి సూత్రమును ప్రయోగించినను ప్రయోజనము లేదు.

గణాంకశాస్త్రమున తెలుగువారి పేరును లోకమునకు చాటిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో నేడు కర్ణాటకమున నున్న హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు చేరెను. ఒక అంచనా ఎంతవరకు నిక్కచ్చిగా ఉండగలదో దానికి అవధి కలదని 1945లో ఆయన నిరూపించిన సిద్ధాంతము నేటికిని ప్రతి విద్యార్థియు చదువునది. మహలనోబిస్, మజుందారులతో కలిసి ఆయన ఉత్తరప్రదేశమునందలి ప్రజల శరీరమానములను విశ్లేషించిన గ్రంథము 1949లో వెలువడెను. అనగా అంత సూక్ష్మమైన గణితమునకును మూలము కొలత సాధనము పట్టుకొని మనుష్యుల తలలు, ముక్కులు కొలుచుటయే.

1996 మొదలు 2000 వరకు హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పదివేలకు పైబడిన జనుల కన్నులను పరీక్షించి నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునందలి అంధత్వమును లెక్కించెను. 2003లో మొదలైన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య పరిశీలనము గోదావరి జిల్లాలలోని 45 గ్రామములందు మరణకారణములను వెదకెను. నా దృష్టిలో ఈ రెండవది శిక్షణ చరిత్రకు మిక్కిలి ముఖ్యము. వైద్యుడు చూడకయే జరిగిన మరణములకు కారణమును, చనిపోయినవాని బంధువుల నోట విని నిర్ణయించు పద్ధతి యొకటి కలదు. ఆ ప్రశ్నలను అచట అడిగినవారు పెద్ద పట్టములు గలవారు కారు, ఆ గ్రామములలోనే పనిచేయు ఆరోగ్య కార్యకర్తలు. వారికి ఎట్లు అడుగవలెనో, దుఃఖములో నున్నవారి ముందు ఎప్పుడు ఆగవలెనో నేర్పిరి. వారు వ్రాసి తెచ్చినదానిని వైద్యులు చదివి కారణమును నిర్ణయించిరి. పల్లెలలో చావులకు ముఖ్య హేతువు అంటురోగములే యను నమ్మకము దీనితో చెదరినది: సుమారు 32 శాతము మరణములు గుండెకు, రక్తనాళములకు సంబంధించినవిగా తేలెను.

అంకెను విప్పి చూచుట

శిక్షణార్థి చేతికి దత్తాంశము వచ్చినప్పుడు సూత్రమును వెదకుటకు ముందు చేయవలసినది దానిని ఊరకనే చూచుట. వయసు గడిని తీసికొందము. పావగడ వైపు ముసలమ్మను వయసడిగినచో "ఏబై ఉంటాయేమో, రాసుకో సామీ" యను సమాధానమే తరచుగా వచ్చును. వేయిమంది వయసులను గ్రాఫు గీచినచో 40, 50, 60ల వద్ద గుట్టలు, 47, 53ల వద్ద గుంటలు కనబడును. రక్తపోటు అంకెలన్నియు సున్నతోనే ముగిసినచో కొలిచినవాడు పాదరసమును గాక తన అలవాటును చదివినాడని గ్రహింపవలెను. వృత్తి గడిలో "రైతు" అని యుండును. తిరుమణి పరిసరములలో సుమారు 13 వేల ఎకరములలో నెలకొల్పబడిన సౌరవిద్యుత్ క్షేత్రమునకు తన భూమిని కౌలుకిచ్చి, సాలుకు ఇంతయని సొమ్ము తీసికొనుచు, నాగలి ముట్టనివాడును తన్ను రైతుననియే చెప్పుకొనును, అది అబద్ధమును గాదు.

ఫ్లోరైడు విషయమున ఈ చూపు ఇంకను అవసరము. బి.ఐ.ఎస్. ప్రమాణము ప్రకారము లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపల నుండవలెను; వేరు నీరు దొరకనప్పుడు 1.5 వరకు సహింపవచ్చును. పరిశోధకుడొకడు ఊరి బోరునీటిని పరీక్షించి, ఊరివారి గారపళ్లను లెక్కించి, రెండింటికిని సంబంధము లేదని తేల్చినాడనుకొందము. పంటిపై మచ్చ పడునది బాల్యమున, పన్ను చిగురు లోపల రూపొందు కాలమున త్రాగిన నీటివలన; ఇప్పుడు ముప్పదియేండ్ల కోడలు ఆ నీటిని త్రాగినది పుట్టినింట, బహుశః సరిహద్దుకు ఆవల మడకశిర వైపు. ఆమె భర్త చిన్ననాడు త్రాగినది ఇప్పుడు ఎండిపోయిన దిగుడుబావినుండి. నేడు ఇద్దరును శుద్ధజల కేంద్రమునుండి బిందె తెచ్చుకొనుచున్నారు. పుట్టిన ఊరిని, పెండ్లియైన ఏటిని అడుగని ప్రశ్నావళికి ఏ కంప్యూటరును ప్రాయశ్చిత్తము చేయజాలదు. ఇంటి ఆడపడుచులను, కోడండ్రను వేరువేరుగా లెక్కించిన యెడల దాగియున్న సంబంధము బయటపడును. ఇట్టివి పాఠ్యపుస్తకమున "సంక్షోభక చరములు" అను కఠినపదముతో కనబడును. ఊరి ముసలివారికి అవి బంధుత్వములు.

సాధనముల కొరత నేడు లేదు. అట్లాంటాలోని అమెరికా రోగనియంత్రణ కేంద్రమువారి ఎపీ ఇన్ఫో, న్యూజిలాండులో పుట్టిన ఆర్ అను భాష ఉచితముగనే లభించుచున్నవి. వీని వినియోగమును పదిదినములలో నేర్పవచ్చును. వీనిని ఎప్పుడు వాడరాదో నేర్పుటకు ఏండ్లు పట్టును. ఇరువది పరీక్షలు చేసినచో నిజమైన సంబంధమేదియు లేకపోయినను వానిలో ఒకటి 0.05 కంటె తక్కువ పి-విలువతో బయటపడుట మామూలే. స్నాతకోత్తర వైద్యవిద్యార్థి తన సిద్ధాంతవ్యాసమునకై ఆ ఒక్కదానినే గైకొని తక్కిన పందొమ్మిదింటిని మరచుట మనకు పరిపాటి. ఏమి వెదకుదునో ముందే వ్రాసి నమోదుచేయుట దీనికి మందు. ఔషధ ప్రయోగములకై భారతదేశమున 2007లో ఆరంభమైన నమోదు పట్టిక 2009నుండి అనివార్యమైనది. ఇతర పరిశోధనములకు అట్టి నిర్బంధము లేదు. 2020 జూన్‌లో సర్జిస్ఫియర్ అను సంస్థ దత్తాంశములపై ఆధారపడిన రెండు వ్యాసములను ప్రపంచమందలి మిక్కిలి ప్రతిష్ఠగల రెండు వైద్యపత్రికలు ఉపసంహరించుకొనవలసి వచ్చెను. మూల దత్తాంశమును సహరచయితలే చూడలేదు. పెద్ద పత్రికలో అచ్చైనదన్న మాట మూల రిజిస్టరును తెరచి చూచుటకు బదులు గాదు.

ఖమ్మము

2009లో ఖమ్మము జిల్లాలోని మూడు మండలములలో, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, భారత వైద్య పరిశోధన మండలి, పాత్ అను అంతర్జాతీయ సంస్థ కలిసి, 10 నుండి 14 ఏండ్ల బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరు నిరోధక టీకాను ప్రదర్శనాత్మక కార్యక్రమముగా వేయించినవి. సుమారు 14 వేలమంది బాలికలు టీకా వేయించుకొనిరి. వారిలో అనేకులు ఆశ్రమ వసతిగృహములలో చదువుకొను గిరిజన బాలికలు. కొందరు బాలికలు మరణించిన పిదప 2010 ఏప్రిల్‌లో కార్యక్రమము ఆపివేయబడెను. ఆ మరణములకు టీకా కారణమని విచారణ సంఘము భావింపలేదు. అయినను అంగీకార పత్రములను పరిశీలించినప్పుడు, తలిదండ్రుల సంతకముండవలసిన చోట వసతిగృహ వార్డెన్ల సంతకము లుండుట బయటపడెను. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము ఈ కార్యక్రమమును తీవ్రముగా విమర్శించెను.

టీకా మంచిదే కావచ్చును. ఆ టీకానే నేడు అనేక దేశములు తమ బాలికలకు వేయుచున్నవి. కాని ఈ ఉదంతమునకు ఆ సమర్థన సరిపోదు. దత్తాంశ విశ్లేషణ చేయువాడు కూడ ఇందుండి నేర్వవలసినది కలదు: టీకా తరువాత ఎవరెవరు జబ్బుపడిరో వరుసగా నమోదుచేయు ఏర్పాటు బలహీనముగా నుండుటచే, మరణములు టీకావలన కాదని చెప్పుటకును కావలసినంత గట్టి ఆధారము ఎవరివద్దను లేకపోయెను. అంగీకారమును తేలికగా తీసికొన్నచోటనే లెక్కయు తేలికయైనది.

పేరు తీసివేసినంత మాత్రమున

దత్తాంశమునుండి పేర్లను, ఆధారు సంఖ్యలను తొలగించినచో గోప్యత నిలుచునని పెక్కు పరిశోధకుల నమ్మకము. 1997లో అమెరికాలో లటాన్యా స్వీనీ అను విద్యార్థిని, పేర్లు తీసివేసి విడుదలచేసిన బీమా దత్తాంశమును ఓటర్ల జాబితాతో జతపరచి, మసాచుసెట్స్ గవర్నరు వైద్యవివరములను గుర్తుపట్టి చూపెను. పుట్టిన తేది, లింగము, తపాలా సంఖ్య ఆమెకు చాలినవి. నగరముననే ఇట్లున్నచో పల్లె మాట చెప్పనేల? ఒక పట్టికలో "వెంకటమ్మనహళ్లి, స్త్రీ, 34, అంగన్వాడి ఉద్యోగిని, మందులకు లొంగని క్షయ" అను ఒక్క వరుస యున్నచో, ఆ ఊరివానికి అంతకంటె స్పష్టముగా పేరు వ్రాయనక్కరలేదు. క్షయ యున్నదన్న మాట పొక్కినయెడల ఇంటిలోని పెండ్లి సంబంధము తప్పిపోవుట మన సీమలో ఎరుగనిది కాదు. కావున చిన్న ఊళ్ల దత్తాంశమును తాలూకా స్థాయికి కలుపుట, వయసును పదేండ్ల వరుసగా మార్చుట, అయిదుకు లోపలి సంఖ్యలను ప్రకటింపకుండుట విశ్లేషకుడు చేయవలసిన పనులు. ఇట్లు కలిపినప్పుడు ఫ్లోరైడు వంటి, ఒక ఊరికిని దాని ప్రక్క ఊరికిని భిన్నముగా నుండు విషయములు మరుగుపడును. ఈ బాధకు సర్వసమ్మతమైన పరిహారము లేదు. ప్రతి పరిశోధనలోను తూచి నిర్ణయింపవలసినదే.

2012లో ఏర్పడిన నిక్షయ్ అను ప్రభుత్వ పట్టికలో క్షయరోగుల వివరములన్నియు నమోదగుచున్నవి. 2018నుండి పోషకాహార భత్యమునకై రోగుల బ్యాంకు ఖాతాలును చేరినవి. చికిత్సకై ఇచ్చిన వివరమును పరిశోధనకు వాడుకొనునప్పుడు మరల అడుగవలెనా, నీతిసంఘపు అనుమతి చాలునా యను ప్రశ్న ఇచటనే పుట్టును. 2017లో భారత వైద్య పరిశోధన మండలి ప్రకటించిన జాతీయ నైతిక మార్గదర్శకములు, అంతకు పూర్వము 2000లోను, 2006లోను వెలువడిన వానికంటె దీనిని విపులముగా చర్చించినవి. అదే సంవత్సరము ఆగస్టు 24న, కర్ణాటక ఉన్నత న్యాయస్థానపు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన వ్యాజ్యమున, గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము పరిశోధనకు, గణాంకములకు ఒక మినహాయింపు నిచ్చినది; అయితే ఆ దత్తాంశముతో ఒక వ్యక్తిని గూర్చి ప్రత్యేకముగ ఏ నిర్ణయమును చేయరాదను నియమము దానికి కలదు. ఈ మినహాయింపును తలుపు బార్లా తెరచినట్లు భావించువారికి శిక్షణమున గట్టి జవాబు చెప్పవలసియున్నది.

శిక్షణాలయములు

చెన్నైలోని జాతీయ రోగవ్యాప్తిశాస్త్ర సంస్థ 2001నుండి క్షేత్రస్థాయి రోగవ్యాప్తి శిక్షణను నడుపుచున్నది; విద్యార్థులు తమ జిల్లాలలోనే యుండి, కలరా చెలరేగిన ఊరికి పోయి, అచట వ్రాసిన నివేదికతో పట్టము పొందుదురు. వైద్య స్నాతకోత్తర విద్యార్థులకు నిర్దేశించిన పరిశోధన ప్రాథమిక పాఠములును ఆ సంస్థవే, దూరవిద్యగా లభించుచున్నవి. హైదరాబాదులోని భారతీయ ప్రజారోగ్య సంస్థ 2008నుండి ఈ రంగమున పనిచేయుచున్నది. ఇవన్నియు పట్టభద్రులకు. ఇంటింటికి పోయి మొదటి గడిని నింపునది మాత్రము ఆశా కార్యకర్త, అంగన్వాడి, లేక రోజుకూలికి కుదిరిన సర్వే యువకుడు. వారికి దొరకునది ఒక పూట తర్ఫీదు, ఒక టాబ్లెట్టు యంత్రము. రోజునకు ఇన్ని ఫారములని లక్ష్యము పెట్టినప్పుడు చెట్టుక్రింద కూర్చుండి కొన్నింటిని ఊహతో నింపుట జరుగును. దానిని పట్టుకొనుటకు నేటి శిక్షణాలయములు ఇంటర్వ్యూ పట్టిన నిమిషములను, ఫారము నింపిన స్థలపు అక్షాంశ రేఖాంశములను పరిశీలించుట నేర్పుచున్నవి. లక్ష్యమును తగ్గించి కూలిని పెంచుట అంతకంటె చౌకగా తేలునని నా అభిప్రాయము. ఆశా కార్యకర్త ఆ ఊరి కోడలే గనుక ఆమెకు తలుపులు తెరచుకొనును; అదే కారణమున, ఇరుగుపొరుగు రోగరహస్యములు ఆమె చేతిలో నుండుట గూడ ఆలోచింపవలసిన విషయము. గర్భస్రావము, మానసిక వ్యాధి వంటి ప్రశ్నలకు బయటి ఊరి స్త్రీని పంపుట మేలు.

చదువురానివారినుండి అంగీకారము తీసికొనునప్పుడు నిష్పక్షపాతియగు అక్షరాస్యుడొకడు సాక్షిగా నుండవలెనని మార్గదర్శకములు విధించుచున్నవి. పావగడ తాలూకాలో దీనికి మరియొక చిక్కు కలదు. అచటి తెలుగువారు బడిలో నేర్చినది కన్నడ లిపి. తెలుగు పత్రమును ఇచ్చినచో భాష తమదైనను అక్షరములు తెలియవు, కన్నడ పత్రమును ఇచ్చినచో అక్షరములు తెలిసినను కచేరీ కన్నడపు మాటలు నోటికి దూరము. అనంతపురములో అచ్చైన పత్రమును సరిహద్దు దాటించినంత మాత్రమున పని తీరదు. తెలుగు మాటలను కన్నడ లిపిలో అచ్చువేసి, ఊరిలో నలుగురిచేత ముందుగా చదివించి, వారు తడబడిన చోట్లను మార్చి, ఆ పిదప బిగ్గరగా చదివి వినిపించి, ఒక ప్రతిని ఇంటివారి వద్దనే విడిచివచ్చుట అచట పనిచేయు బృందములకు తగిన పద్ధతి.